నాన్న కడుపులో పీచు ఉండ: కోక్ తాగిస్తే కరుగుతుందా?

ప్రశ్న: మా నాన్నకు 64 ఏళ్లు. 18 ఏళ్లుగా షుగరు, ఇన్సులిన్ మీద ఉన్నారు. పై వరస కట్టుడు పళ్లు, అవీ వదులుగా ఉంటాయి. సంక్రాంతికి నల్గొండ దగ్గర మా ఊరి నుంచి గేగులు (తాటి తేగలు) వస్తే నెల రోజులు విడవకుండా తిన్నారు. మార్చి నుంచి రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందంటున్నారు. పొద్దున తిన్నది సాయంత్రం అలాగే వాంతి అవుతోంది. బాగా చిక్కిపోయారు. స్కానింగ్‌లో గ్యాస్ ఎక్కువగా ఉందని రాశారు. మొన్న ఎండోస్కోపీ చేసి కడుపులో పీచు ఉండ ఉందని చెప్పి, కాగితం మీద ‘ఫైటోబెజోర్’ అని రాసి, వారం తర్వాత రమ్మన్నారు. కోకాకోలాతో కరిగించొచ్చని అన్నారట. షుగరు మనిషికి కోకా? పక్కింటావిడ బొప్పాయి పెట్టమంటోంది. ఊళ్లో ఒకాయన గోరోచనం తెస్తానంటున్నాడు. ఇది క్యాన్సరేనని, మన దగ్గర దాస్తున్నారని మా తమ్ముడి అనుమానం. టీవీలో ఒకమ్మాయి కడుపు కోసి జుట్టు ఉండ తీసినట్టు చూపించారు. నాన్నకూ కోస్తారా?
– ఒక కూతురు, వనస్థలిపురం

సమాధానం: అమ్మా, ముందు మీ తమ్ముడి సంగతి. ఎండోస్కోపీ అంటే కెమెరా లోపలికి పంపి కళ్లతో చూసే పరీక్ష. క్యాన్సర్ గడ్డ కడుపు గోడలోంచి పుడుతుంది, గోడను పట్టుకునే ఉంటుంది. మీరు రాసిన ఉండ అలాంటిది కాదు. అది గోడకు అంటకుండా, గొట్టంతో తోస్తే కదిలే పీచు ముద్ద. చూసిన డాక్టరు ఆ పేరు రాశారంటే దాచడానికేమీ లేదు. అయినా మీ తమ్ముడి అనుమానాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను. ఉండ చాటున ఉన్న గోడ మొదటిసారి సరిగ్గా కనిపించదు. పాత పుండు మానిన మచ్చ వల్లనో, గడ్డ వల్లనో కడుపు కింది ద్వారం సన్నబడినా ఆహారం నిలిచిపోయి ఇలా ఉండ కడుతుంది. కాబట్టి ఉండ పోయాక కడుపంతా మరోసారి చూడమనండి, ద్వారం దగ్గర ఏమాత్రం తేడా ఉన్నా ముక్క తీసి పరీక్షకు పంపమనండి. ఎలాగూ ఉండ రాసుకున్న చోట పుండ్లు పడటం మామూలే. అవి మానాయో లేదో కూడా అప్పుడే తేలుతుంది.

స్కానింగ్ చేసినవాళ్లను తిట్టుకోకండి. ఈ ఉండల పైభాగం నుంచి ధ్వని తరంగాలు ఒక తెల్లటి వంపు గీతలా తిరిగొస్తాయి, దాని వెనకంతా నల్లటి నీడ. కడుపులో గాలి ఉన్నా తెర మీద ఇంచుమించు అలాగే కనిపిస్తుంది. సీటీ స్కాన్‌లో అయితే లోపల చిన్న చిన్న గాలి బుడగలు చిక్కుకున్న మచ్చల ముద్దగా బయటపడుతుంది. పేగులోకి ముక్కలేమైనా జారాయేమో చూడాలన్నా సీటీయే మేలు. ఇంతకీ ఉండ ఉందని తేల్చేది, అది దేనితో అయిందో చెప్పేది ఎండోస్కోపీయే.

ఆ ‘దేనితో అయింది’ అన్నదాన్ని బట్టే వైద్యమంతా ఉంటుంది. మీ ఉత్తరంలో బొప్పాయి, కోక్, గోరోచనం, ఆపరేషన్ అన్నీ ఒకే వరసలో నిలబడ్డాయి. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు గానీ, ఉండ దేంతో తయారైందని ఎవరూ అడగలేదు. కూరగాయలు, పండ్ల పీచుతో అయితే ఫైటోబెజోర్. జుట్టుతో అయితే ట్రైకోబెజోర్. మాత్రలు, సిరప్పులు గడ్డకట్టి అయ్యేవీ ఉన్నాయి. నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్లలో పాలు గడ్డకట్టి కూడా అవుతుంది. ఒకదానికి పనిచేసింది ఇంకోదానికి పనిచేయదు.

మీ నాన్నగారిది పీచు ఉండ. మొక్కల పీచులో ఉండే సెల్యులోజ్‌ను, లిగ్నిన్‌ను అరిగించే శక్తి మనిషి కడుపుకు ఎవరికీ లేదు, మీకూ నాకూ కూడా. గేగుల్లో పీచు ఎంత ఉంటుందో తిన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. మంచి పళ్లున్నవాళ్లు నమిలి పిప్పి ఉమ్మేస్తారు. కట్టుడు పళ్లు వదులుగా ఉన్నవాళ్లు రెండు సార్లు నమిలి మింగేస్తారు. ఇంకో మాట కూడా నాన్నగారిని అడగండి: ఈ వేసవిలో ఊరికి వెళ్లి తునికిపండ్లు తిన్నారా అని. వగరుగా ఉండే పండ్లలోని టానిన్లు కడుపులోని యాసిడ్‌తో కలిసి జిగురులా గట్టిపడి, పీచునంతా పట్టి బిగిస్తాయి. జపాన్, కొరియా దేశాల్లో పెర్సిమన్ పండు ఈ విషయంలో బాగా పేరుమోసింది. హిమాచల్‌లో దాన్నే జపానీ ఫల్ అంటారు, ఈమధ్య మన నగరంలోని పెద్ద పండ్ల దుకాణాల్లోనూ కనిపిస్తోంది. మన బీడీ ఆకు తునికి చెట్టు కూడా ఆ పెర్సిమన్ కుటుంబానిదే, పచ్చిగా ఉన్నప్పుడు వగరు అలాగే ఉంటుంది. టానిన్‌తో బిగిసిన ఉండ రాయిలా ఉంటుంది, అంత తేలిగ్గా లొంగదు. అందుకే తిన్నవన్నీ గుర్తుచేసుకుని డాక్టరుకు చెప్పాలి.

ఇక కోక్. ఇది వాట్సాప్ వైద్యం కాదు. 2002లో గ్రీసు వైద్యులు ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి, దాదాపు 3 లీటర్ల కోకాకోలాను 12 గంటల పాటు నెమ్మదిగా పంపించి పీచు ఉండలు కరిగినట్టు రాశారు. ఆ తర్వాత చాలా దేశాల్లో చేశారు. 2013లో అప్పటిదాకా వచ్చిన 46 మంది రోగుల వివరాలను ఒకచోట చేర్చి చూస్తే, ఒక్క కోక్‌తోనే పూర్తిగా పోయింది సగం మందికి. కోక్‌తో మెత్తబడ్డాక ఎండోస్కోపీతో ముక్కలు చేసినవాళ్లను కూడా కలుపుకుంటే పది మందిలో తొమ్మిది మందికి ఆపరేషన్ తప్పింది. ఎలా పనిచేస్తుందంటే, అందులోని ఫాస్ఫారిక్ ఆమ్లం ఒకవైపు, గ్యాస్ బుడగలు మరోవైపు. బుడగలు పీచు సందుల్లోకి దూరి ముద్దను వదులు చేస్తాయని భావిస్తున్నారు. పంచదారకు ఇందులో పనేమీ లేదు. కాబట్టి షుగరు ఉన్నవాళ్లకు చక్కెర లేని రకం వాడతారు, దానితోనూ కరిగిన కేసులు ఉన్నాయి. మామూలు కోక్ 3 లీటర్లంటే 300 గ్రాములకు పైగా పంచదార. అది మీ నాన్నగారి చేత తాగించకండి.

చక్కెర లేనిదైనా సరే, ఇంట్లో మీ అంతట మీరు మొదలుపెట్టొద్దంటాను. గట్టిగా చెప్పడానికి కారణముంది. ఉండ సగం మెత్తబడి రెండు మూడు ముక్కలైతే, కడుపులో ఉన్నంతసేపూ ఇబ్బంది పెట్టిన ముద్ద ఇప్పుడు చిన్నపేగులోకి జారుతుంది. చిన్నపేగు చివరి భాగం సన్నం. అక్కడ ఇరుక్కుంటే పేగు మూసుకుపోతుంది, అప్పుడు చాలాసార్లు ఆపరేషన్ తప్పదు. కోక్ వైద్యం తర్వాత అలా జరిగిన సందర్భాలు నమోదయ్యాయి. పైగా నిండిన కడుపులో గ్యాస్ నీళ్లు పోస్తే వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం పెద్దవాళ్లలో ఎక్కువ. మీ డాక్టరు చెప్పారంటే ఎంత, ఎన్ని రోజులు, ఆసుపత్రిలోనా ఇంట్లోనా, మళ్లీ ఎప్పుడు చూస్తారు అన్నవి రాయించుకోండి. ‘కోక్ తాగండి’ అన్న ఒక్క మాటతో బయటికి రావద్దు.

బొప్పాయి వల్ల ఒరిగేదేమీ లేదు. అందులోని పపెయిన్ మాంసాన్ని, అంటే ప్రొటీన్‌ను మెత్తబరుస్తుంది. పీచు జోలికి పోదు. ఒకప్పుడు మాంసం మెత్తబరిచే పొడిని దీనికోసం విదేశాల్లో తాగించారు. రక్తంలో ఉప్పు పెరిగిపోవడం, కడుపులో పుండ్లు, అన్నవాహికకు చిల్లు పడటం లాంటివి జరగడంతో ఆ పద్ధతి మూలకు పడింది. పీచును విడగొట్టే సెల్యులేజ్ అనే ఎంజైమ్ వేరే ఉంది, డాక్టర్లు కొన్నిచోట్ల వాడతారు. అది దొరికితే వాడాలా వద్దా అన్నది ఉండను చూసినవారు తేల్చాలి.

గోరోచనం తెచ్చే ఆయనకు దండం పెట్టి పంపించేయండి. గోరోచనం ఆవు పిత్తాశయంలో ఏర్పడే రాయి, దీనికి దానితో సంబంధమే లేదు. అసలు తమాషా ఏమిటంటే, మేకల్లాంటి జంతువుల కడుపులో ఇలా గట్టిపడిన ఉండలనే శతాబ్దాల పాటు రాజులు బంగారం పోసి కొన్నారు, ఏ విషానికైనా విరుగుడని. 16వ శతాబ్దంలో ఫ్రాన్సు రాజు తొమ్మిదో చార్లెస్ దగ్గరున్న శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే దీన్ని పరీక్షకు పెట్టాడు. వెండి సామాన్లు దొంగిలించి మరణశిక్ష పడిన వంటవాడికి విషం ఇచ్చి, ఆ రాయి మింగించారు. పాపం, అతను నరకయాతన పడి చచ్చిపోయాడు. మీ నాన్నగారి కడుపులోని ఉండకు నాలుగు వందల ఏళ్ల కిందట అయితే గిరాకీ ఉండేదేమో!

కోత గురించి. పీచు ఉండల్లో ఎక్కువ శాతం నోటి ద్వారా వేసిన ఎండోస్కోపీ గొట్టంతోనే తీసేస్తారు. గొట్టంలోంచి తీగ ఉచ్చు, చిన్న బుట్ట, చిమటా లాంటి పనిముట్లు పంపి ఉండను ముక్కలు చేస్తారు. కొన్ని ముక్కల్ని బయటికి లాగుతారు, బాగా చిన్నవైతే కిందికి పోనిస్తారు. ఒక్కరోజులో అయిపోవాలని లేదు, పెద్దదైతే రెండు మూడు విడతలు పడుతుంది. పొడిచి పొడిచి తీయడం ఓపికతో కూడిన పని, డాక్టరు ‘ఇవాళ్టికి చాలు’ అంటే కంగారుపడకండి. కడుపు ఖాళీ కావడం ఆలస్యమయ్యే మనిషి కాబట్టి, మామూలు వాళ్లలా రాత్రి భోజనం చేసి పొద్దున పరగడుపున వెళ్తే సరిపోదు. ఒకటి రెండు రోజుల ముందునుంచే పలుచటి ద్రవాలు మాత్రమే ఇమ్మంటారు. ఎన్నాళ్లు, ఏవి అన్నది ముందే అడగండి, ఇన్సులిన్ మోతాదు ఆ రోజుల్లో ఎంత తగ్గించాలో కూడా. కడుపు కోసి తీయడం అన్నది ఇవేవీ కుదరనప్పుడు, రక్తస్రావం ఆగనప్పుడు, గోడకు చిల్లు పడినప్పుడు, పేగు మూసుకుపోయినప్పుడు మాత్రమే.

టీవీలో మీరు చూసిన అమ్మాయిది వేరే కథ. జుట్టు ఏ కోక్‌కూ కరగదు, ఎండోస్కోపీతో పట్టి లాగితే తెగి వస్తుందే తప్ప మొత్తం రాదు. అందుకని చాలాసార్లు ఆపరేషనే. కడుపులోంచి చిన్నపేగు దాకా జడలా తోక సాగితే దాన్ని రాపుంజెల్ సిండ్రోమ్ అంటారు, వైద్య పత్రికల్లో మొదట 1968లో రాశారు. ఎక్కువగా టీనేజీ ఆడపిల్లల్లో కనిపిస్తుంది. ఇది చదివేవారిలో ఎవరి ఇంట్లోనైనా పాప జుట్టు పీక్కుని నోట్లో పెట్టుకుంటుంటే, తల మీద అక్కడక్కడ పలచబడి ఉంటే, తిట్టి కొట్టి మాన్పించాలని చూడకండి. అది మొండితనం కాదు, మానసిక వైద్యంతో నయమయ్యే అలవాటు. 14416 అనే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరుకు తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు, ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉండనే ఉంది. ఆపరేషన్ చేసి ఉండ తీసి, ఆ అలవాటు సంగతి వదిలేస్తే మళ్లీ ఉండ కడుతుంది.

మీ నాన్నగారి విషయంలోనూ అదే నా అసలు బెంగ. ఉండను ఎవరో ఒకరు తీసేస్తారు. ఆ కడుపు ఎందుకు దాన్ని నెలల తరబడి ఉంచుకుంది? నెల రోజులు గేగులు తిన్నవాళ్లు మీ ఊళ్లో బోలెడుమంది ఉంటారు, వాళ్లెవరికీ ఇది రాలేదు.

ఆరోగ్యంగా ఉన్న కడుపు ఆహారాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్ల నలుసుల దాకా నూరి కిందికి వదులుతుంది. నూరడానికి లొంగని పీచు పైనే మిగిలిపోతుంది. భోజనానికీ భోజనానికీ మధ్య, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గంటన్నర, రెండు గంటలకోసారి బలమైన అలలు లేచి ఇల్లు ఊడ్చినట్టు ఆ మిగిలినదంతా పేగుల్లోకి తోసేస్తాయి. ఏళ్ల తరబడి షుగరుతో కడుపును కదిలించే వేగస్ నాడి దెబ్బతింటే ఈ ఊడ్పు ఆగిపోతుంది. దీన్నే గ్యాస్ట్రోపెరీసిస్ అంటారు. పొద్దున తిన్నది సాయంత్రం అలాగే వాంతి కావడం దానికి పెద్ద గుర్తు. షుగరు బాగా పెరిగి ఉన్న రోజున నాడి బాగున్నవాళ్లకు కూడా కడుపు మందగిస్తుంది.

కాబట్టి డాక్టరును అడగవలసినవి కొన్ని ఉన్నాయి. మూడు నెలల సగటు షుగరు, అంటే హెచ్‌బీఏ1సీ ఎంత? థైరాయిడ్ తక్కువగా ఉందా? గతంలో పుండు కోసమో దేనికోసమో కడుపు ఆపరేషన్ జరిగిందా? అది జరిగినవాళ్లలో ఇలాంటి ఉండలు మరీ ఎక్కువ. ఉండ పోయాక గ్యాస్ట్రిక్ ఎంప్టీయింగ్ పరీక్ష చేయించాలేమో అడగండి. కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం కలిపిన టిఫిన్ పెట్టి, నాలుగు గంటల తర్వాత కడుపులో ఎంత మిగిలిందో కెమెరాతో చూస్తారు. విదేశాల్లో గుడ్డు తెల్లసొనతో బ్రెడ్డు పెడతారు, మన దక్షిణాదిలో కొన్నిచోట్ల ఇడ్లీతో చేస్తున్నారు. నాలుగు గంటలకు పదో వంతు కంటే ఎక్కువ మిగిలితే కడుపు మందగించినట్టే. ఉండ ఉండగా ఈ పరీక్ష చేయించుకుంటే డబ్బు దండగ.

వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి, చీటీలు కాదు, మందులే. గ్యాస్ అనుకుని మందుల షాపులో కొని తాగుతున్న సిరప్పులు కూడా. సుక్రాల్ఫేట్, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్ జెల్‌లు మందగించిన కడుపులో గడ్డకట్టి ఉండకు తోడవుతాయి. మలబద్ధకానికి ఇసబ్గోల్ వేసుకుంటుంటే ఇప్పటికి ఆపి, డాక్టరుకు చెప్పండి. తక్కువ నీళ్లతో మింగితే అదే ఉబ్బి ముద్దవుతుంది. షుగరుకు, బరువుకు ఇచ్చే సెమాగ్లూటైడ్, లిరాగ్లూటైడ్ లాంటివి వాడుతుంటే తప్పక చెప్పాలి, అవి కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి. నొప్పికి వాడే ట్రమడాల్ కూడా అంతే. కడుపు కదలికలు పెంచే మెటోక్లోప్రమైడ్, డోంపెరిడోన్ మాత్రలు మీ అంతట మీరు కొని నెలలు వాడకండి. మొదటిది పెద్దవాళ్లలో వణుకు, నోరూ నాలుకా వాటంతటవే కదలడం లాంటివి తెస్తుంది. రెండోది గుండె లయ మీద పనిచేస్తుంది, ఈసీజీ చూసి ఇవ్వాలి.

తిండి మాట. గేగులు ఇక మానేయాలి, ఈ ఏడాదికి అని కాదు. ఆయనకు అలా చెప్పలేకపోతే డాక్టరు చేత చెప్పించండి, మన ఇళ్లలో పెద్దవాళ్లు కూతురి మాట కన్నా తెల్లకోటు మాట వింటారు. ములక్కాడలు, చెరకు, పచ్చి కొబ్బరి ముక్కలు, నారింజ తొనల మీది తెల్లటి పొర, జామ తొక్కా గింజలూ, ముదురు తోటకూర కాడలూ అదే జాబితాలోకి. సాంబారులో ములక్కాడ రుచి కావాలంటే వేసి తీసేయండి. షుగరుకు పీచు మంచిదని మీరు విన్నది నిజమే, కానీ మందగించిన కడుపుకు ఆ సలహా వర్తించదు. మెత్తగా ఉడికించిన అన్నం, వడకట్టిన పప్పుచారు, ఇడ్లీ, పలచటి మజ్జిగ, మెత్తగా ఉడికిన సొరకాయ, బీరకాయ చెక్కు తీసి. రోజుకు మూడు పెద్ద భోజనాల బదులు ఐదారు చిన్నవి. తినగానే మంచమెక్కకుండా కాసేపు నడవాలి. కట్టుడు పళ్లు సరిచేయించండి, ఇది చిన్న విషయమని వదిలేయకండి. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రిలో చేస్తారు.

ఈ వారం రోజులూ కళ్లు తెరుచుకుని చూడవలసినది రెండు వైపులా ఉంది. కడుపు ఉబ్బి గట్టిపడటం, మెలిపెట్టే నొప్పి, వాంతులు ఆగకపోవడం, గ్యాస్ కూడా పోకపోవడం పేగు మూసుకుపోయిందనడానికి గుర్తులు. తారులాంటి నల్లటి విరేచనం, రక్తపు వాంతి పుండు నుంచి రక్తం పోతోందనడానికి. వీటిలో ఏది కనిపించినా వారం గడువు చూడకుండా, అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి. రెండోది ఇన్సులిన్. తిన్నది కడుపులోనే ఆగిపోతే ఇన్సులిన్ మాత్రం ఆగదు, షుగరు ఉన్నట్టుండి పడిపోతుంది. భోజనానికి ముందూ, రెండు గంటల తర్వాతా, రాత్రి పడుకోబోయే ముందూ గ్లూకోమీటరుతో చూడండి. ఎన్ని యూనిట్లు వేయాలో రేపే ఫోన్ చేసి డాక్టరును అడగండి, వారం ఆగకండి. షుగరు పడిపోతే బిస్కెట్లు కాదు, గ్లూకోజు నీళ్లు ఇవ్వాలి. మత్తుగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికే.

ఖర్చు గురించి మీరు రాయలేదు గానీ, విడతలు విడతలుగా ఎండోస్కోపీ అంటే ప్రైవేటులో భారమే. నిమ్స్, ఉస్మానియా, గాంధీ మూడు చోట్లా గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగాలున్నాయి. మీకు తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఆరోగ్యశ్రీలో ఈ చికిత్సకు ఏం వర్తిస్తుందో చేరకముందే అడగండి. ఎక్కడికి వెళ్లినా మొదటి ఎండోస్కోపీ రిపోర్టు, దానితో ఇచ్చిన ఫొటోలు తప్పక తీసుకెళ్లండి. ఉండ సైజు, రంగు, ఎక్కడ ఉందో ఆ ఫొటోల్లోనే ఉంటుంది, కొత్త డాక్టరుకు ఏ పనిముట్లు సిద్ధం చేసుకోవాలో వాటిని చూస్తేనే తెలుస్తుంది.